ఎదురాకు

నమోదు 1. లంగరు వేసిన రోజు

గాలి తూర్పు నుంచి. నీరు నిలకడ. ఫిరంగి మీద ఆరేసిన బట్టలు తీసేయించాను. ఒడ్డునుంచి ఎవరైనా దుర్భిణి పెట్టి చూస్తే ముందుగా మా బనియన్లు కనబడకూడదని కెప్టెన్ పాత్రో గారి పట్టుదల. ఆ ఫిరంగి మూతికి లక్కముద్ర వేసింది నేను పుట్టకముందు. అప్పటినుంచీ అది మాకు దండెమే.

ఇది సమాఖ్య నౌకాదళం, మైత్రి విభాగం, ‘సౌహార్ద’ ఓడ. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని తెలుసుకోవడానికి మా పెద్దలకి ఒక తరం మనుషులు ఖర్చయ్యారు. ఇప్పుడు ఏ రేవు కావాలన్నా ముందు మాలాంటి వాళ్ళని పంపుతారు. బ్యాండు వాయిస్తాం, పుచ్చిన పళ్ళు పీకుతాం, వండి పెడతాం, పెట్టింది తింటాం. ఊరు మమ్మల్ని ఇష్టపడుతుంది. ఆ ఇష్టం ఎంతో ఆదరణ సూచికలో అంకెగా తేలుతుంది. అంకె బాగుంటే కాగితం మీద సంతకం పెట్టించుకుని ఇంకో ఊరికి పోతాం. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గానీ మా ఉద్యోగమే అది. లెక్కపెట్టిన వాసాలు ఈ దినచర్యలో రాయడం నా వంతు.

నా పేరు హైమవతి. బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను. రాతపని నాకు అంటగట్టింది ఎందుకంటే నాకు నవ్వు రాదు. శిక్షణలో నా సూచిక అందరికన్నా అడుగున ఉండేది. “నీ మొహం చూస్తే అప్పుల వాడు కూడా గుమ్మం దిగి పోతాడమ్మా” అన్నారు మా మాస్టారు. అందరికన్నా పైన ఉండేది వామనరావు. ఆరడుగుల మనిషికి ఆ పేరు పెట్టిన మా మామగారికి నమస్కారం. అతను ఈ ఓడ వంటవాడు, నా మొగుడు. ఏ ఊళ్ళో దిగినా సాయంత్రానికల్లా ఆ ఊరి మాట, ఆ ఊరి నడక వచ్చేస్తాయి అతనికి. నాతో ఉన్నప్పుడు మాత్రం నా మొగుడిలాగే ఉంటాడు. అది నాకు చాలు.

వండి పెట్టి ఎదురుగా నిలబడి “బాగుందా” అని ఎప్పుడూ అడగడు. అలా అడగడం చెయ్యి చాపడంతో సమానమట. నేను వండితే మాత్రం ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, “ఇవాళ ఈ ఉప్పు ఎవరి మీది?” అంటాడు. నాకు ఎవరి మీద కోపం వస్తే వాళ్ళ పేరున ఉప్పు పడుతుందని అతని సిద్ధాంతం.

ఎదురుగా కనబడుతున్న దిబ్బ గవ్వలమెట్ట. ఒకప్పుడు కొండ, చుట్టూ పొలాలట. సముద్రం పైకి వచ్చాక కొండ దీవి అయింది. దాని కింద మునిగిన లోయలో పెద్ద ఓడలు నిలబడేంత లోతు. ఈ తీరంలో అలాంటి చోటు ఇదొక్కటే. అందుకే అందరికీ కావాలి. మాకన్నా ముందు దక్షిణ కూటమి వాళ్ళ మైత్రి ఓడ వచ్చిందనీ, దిగినవాళ్ళు కొందరు తిరిగి ఎక్కలేదనీ, ఓడ సగం ఖాళీగా పోయిందనీ కెప్టెన్ చెప్పారు. “క్రమశిక్షణ లేకపోతే అంతే” అన్నారాయన.

రేపు ఊరి విందు. మా మూడు సూత్రాలు అందరిచేతా ఒకసారి చదివించాను. పెట్టింది తిను. ఖాళీగా ఉన్నచోట కూర్చో. ఏ పేరుతో పిలిస్తే ఆ పేరుతో పలుకు.

నమోదు 2. విందు

రాయవలసినవి ముందు రాస్తాను. ఇళ్ళు మట్టివి, కప్పులు తాటాకు. తలుపులు మాత్రం ఇనుపవి, గుండ్రటి చక్రం తిప్పితే తెరుచుకునేవి. ఓడ తలుపులు. ఒక పసివాడి మొలతాడుకి ఇత్తడి గుండీలు కట్టారు. వాటి మీద లంగరు గుర్తులున్నాయి, ఒక్కొక్కటీ ఒక్కో నౌకాదళానిది. కెప్టెన్‌కి చూపించాను. సముద్రం ఒడ్డున పడేసిన సామానయి ఉంటుందన్నారు.

విందు ఇసకలో. ఇంటింటివాళ్ళూ ఒక బారుగా, సముద్రం వైపు మొహం పెట్టి కూర్చున్నారు. కొన్ని బారులకి ఎదురుగా ఒకే ఒక్క విస్తరి, బాదమాకులు కుట్టింది, సముద్రానికి వీపు పెట్టి కూర్చునేలా వేసి ఉంది. అన్నం, చేపల పులుసు, ఎడమ చేతి మూల ఉప్పు. వడ్డించి ఉన్నాయి, మనిషి లేడు. అతిథుల కోసమే అనుకున్నాం. మరేమనుకుంటాం? ఓడ నడిపేవాళ్ళు ఓడ మీదే ఉన్నారు. ఒడ్డుకి దిగిన మా వాళ్ళు తొమ్మిదిమంది మగవాళ్ళు తొమ్మిది ఆకుల ముందు చక్కగా మఠం వేసుకు కూర్చుని చెయ్యి పెట్టారు.

ఊరంతా ఊపిరి బిగబట్టినట్టయింది. పిల్లలు కూడా మాట్లాడలేదు. వామనరావు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక అతనికి ఎదురుగా ఉన్న ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. కాసేపటికి అందరూ తినడం మొదలుపెట్టారు. పక్కింటి పెళ్ళిలోలాగ కబుర్లు, నవ్వులు.

నాకూ మా డాక్టరమ్మకీ, కెప్టెన్‌కీ ఊరి పెద్ద దాలమ్మ తన బారులో చోటిచ్చింది. ఎనభై దాటిన మనిషి, చుట్ట కాలుస్తుంది.

“ఆ ఎదురుగా వేసిన ఆకుల్లో ఒకటి నాకివ్వలేదేం?” అన్నాను ఊరికే, నవ్వు తెచ్చుకుని.

“నీకు ఆకు నేదు తల్లీ. ఆడోళ్ళు ఏటకెల్లరు గదా” అంది దాలమ్మ.

అర్థం కాలేదు. సూచిక మాత్రం అర్థమయింది. ఒక్క పూటలో ఏ ఊళ్ళోనూ ఇంత లేవలేదు.

నమోదు 3

డోలు వాయించే ఇమ్మానియేలు పొద్దున్న సాధనకి రాలేదు. కబురు పంపితే, విందులో వాడికి ఎదురుగా కూర్చున్న రాజులమ్మ ఇంట్లో వల బాగుచేస్తున్నాడని చెప్పారు. పోనీ, మంచిదే, అలా కలిసిపోవడమే కదా మా పని.

నేనే వెళ్ళాను పిలవడానికి. అరుగు మీద కూర్చుని కాలి బొటనవేలికి వల తగిలించి అల్లుతున్నాడు. వాడు కొండలోంచి వచ్చిన కుర్రాడు, ఓడ ఎక్కేదాకా చేపని కూరలోనే చూశాడు. మా చెవుల్లో చెవిగింజ అని ఒకటి ఉంటుంది. ఎదుటి మనిషి పేరేమిటో, ఎవరికేమవుతారో చెవిలో చెబుతుంది, మనం తడుముకోకుండా. ఊళ్ళో మాటలు వింటూ తనే నేర్చుకుంటుంది. పదిమందీ ఏదంటే దానికి అదే నిజం.

నేను ఇమ్మానియేలు ఎదుట నిలబడగానే చెవిగింజ, “దానయ్య. రాజులమ్మ కొడుకు” అంది.

“ఇమ్మానియేలూ, సాధనకి టైమయింది” అన్నాను.

తలెత్తి చూశాడు. చాలా మర్యాదగా నవ్వాడు. “ఎవులమ్మా మీరు? ఓడ మీద్నించొచ్చారా? మాయమ్మ లోపలున్నాది, పిలమంటారా?”

వాడిది నటన అనుకున్నాను. మా శిక్షణ అలాంటిది. కానీ నటించేవాడు ఎక్కడో ఒకచోట కన్ను కలుపుతాడు, ఇది ఆటే సుమా అన్నట్టు. వాడు కలపలేదు. వెనక్కి వచ్చేశాను.

వామనరావు వంటకి ఓడ మీదికి వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గట్టిగా చెప్పాను, మళ్ళీ ఆ ఒడ్డుకి వెళ్ళొద్దని. నవ్వాడు. “విందులో నా ఎదురుగా కూర్చున్న నూకరత్నం ఇంట్లో మధ్యాహ్నం తింటానని మాటిచ్చాను హైమా. వెళ్ళకపోతే బాగోదు. ఆవిడ మొగుడు పోయి చాలా ఏళ్ళయిందట, శవం కూడా దొరకలేదట. ఓ ముద్ద తిని వస్తే నా సొమ్మేం పోయింది?”

గిన్నెలు కడుగుతూ చీకటి సామాన్ల గదిలోంచి కొబ్బరి కోరాము తెచ్చాడు, దీపం లేకుండా. తెచ్చి, ఒక క్షణం దాన్ని చూస్తూ నిలబడ్డాడు. “ఇది మేకుకి కదా వేలాడదీస్తాం, గుమ్మం పక్కన” అన్నాడు.

మా ఓడలో గుమ్మం పక్కన మేకు లేదు. మాది ఇనుప గోడ.

నమోదు 4

మధ్యాహ్నం ఒడ్డుకి వెళ్ళిన వామనరావు తిరిగి రాలేదు. వంట డాక్టరమ్మ చేసింది. తొమ్మిదిమందిలో ఏడుగురు ఒడ్డునే ఉండిపోయారు. మిగిలిన ఇద్దరు వచ్చి పెట్టెలు సర్దుకుని, యూనిఫారాలు మడతపెట్టి మంచం మీద ఉంచి, వచ్చిన తెప్పలోనే పోయారు. పోతూ నాకు దణ్ణం పెట్టారు, ఊరివాళ్ళు అతిథులకి పెట్టినట్టు.

దాలమ్మ దగ్గరికి వెళ్ళాను. నా మొహం ఎలా ఉందో గానీ, చూడగానే చుట్ట ఆర్పింది.

“కూకో తల్లీ. నువ్వొత్తావని తెలుసు.”

అప్పుడు చెప్పింది. ఈ ఊళ్ళో సముద్రం మీదికి చేపల వేటకి వెళ్ళినవాడు తిరిగి రాకపోతే, శవమైనా ఒడ్డుకి చేరకపోతే, వాడికి కర్మ చెయ్యరు. పోయాడని అనరు. రోజూ మధ్యాహ్నం ఒక ఆకు వేసి వడ్డిస్తారు, సముద్రంలోంచి లేచొచ్చి కూర్చునేందుకు వీలుగా, ఇంటివాళ్ళకి ఎదురుగా. దాన్ని ఎదురాకు అంటారు. తినేవాళ్ళు లేకపోతే సాయంత్రం నీళ్ళలో కలుపుతారు. ఎవరైనా వచ్చి ఆ ఆకు ముందు కూర్చుంటే, వాడే ఆ తప్పిపోయినవాడు.

“రామ్మని పిలవకూడదు. వొద్దని ఆపకూడదు. నోరిప్పకూడదు. కూకున్నోడు ఎవులైతే ఆడే మనోడు. సముద్రం అంపినాక మరి మాటేటి?”

“మా వాళ్ళు తెలియక కూర్చున్నారు. ఖాళీగా ఉన్నచోట కూర్చోవాలని మాకు నేర్పారు.”

“అందరికీ అదే నేర్పుతారమ్మా” అంది దాలమ్మ. చెయ్యి చాపి ఇళ్ళ వరుస చూపించింది, ఆ ఇనుప తలుపులు. “ఈ ఓడ, ఆ ఓడ, దాని ముందరోడ. అన్నీ మంచోళ్ళే. పాటలు పాడినారు, మందులిచ్చినారు. అందరూ తిన్నారు. మా ముసలోడు ఏ ఓడలో ఒచ్చినాడో నాకిప్పుడు గేపకం నేదు. ఆడికీ నేదు.”

వాళ్ళాయన పక్కనే ఉన్నాడు, బుట్ట అల్లుతూ. నీలి కళ్ళు. నా వైపు చూసి, “అవును” అన్నట్టు తలూపాడు.

నాకు కోపం ముంచుకొచ్చింది. “మనుషుల్ని ఇలా మింగేస్తారా? మందు కలిపారా? మంత్రం వేశారా?”

దాలమ్మ నొచ్చుకోలేదు. “అన్నంలో ఏటి కలుపుతాం తల్లీ? ఉప్పేత్తాం. మీరొచ్చినప్పుడే కాళీగా ఒచ్చారు. ఎక్కడికెల్తే అక్కడోళ్ళ లాగ మాటాడమని, ఎవులేటి పేరెడితే అది పలకమని మీ దొరలే కదా మిమ్మల్ని కాళీ సేసి అంపింది. కాళీ కుండ కనపడితే ఎవులైనా నీళ్ళు పోసుకుంతారు. నీలాంటోళ్ళు తక్కువ. నువ్వు నిండుగున్నావు, కోపంతో.”

ఇంతవరకూ నా కోపాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఆ పూట సంతోషించే స్థితిలో లేను.

నమోదు 5

నూకరత్నం ఇంటికి వెళ్ళాను. వామనరావు వాకిట్లో చేపలు తోముతున్నాడు. లుంగీ ఆ ఊరివాళ్ళలాగ పక్కకి దోపుకున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఆరడుగుల మనిషీ, ఎప్పుడూ నాకోసం లేవని మనిషి.

చెవిగింజ, “ఎల్లాజీ. నూకరత్నం పెనిమిటి” అంది. దాన్ని పీకి జేబులో పడేశాను.

“రండమ్మా, కూకోండి. ఎండనపడి ఒచ్చారు” అన్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. శిక్షణలో అతనికి మొదటి బహుమతి తెచ్చిన నవ్వు. ఊరి జనం కోసం అట్టే పెట్టుకునేవాడు. నా మీద ఎన్నడూ వాడలేదు.

“వామనా, ఇంటికి పద” అన్నాను.

అతను నూకరత్నం వైపు చూశాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. నా వయసే. గుమ్మం పక్కన మేకుకి కొబ్బరి కోరాము వేలాడుతోంది.

నేను అడిగాను. మొట్టమొదట పరేడు మైదానంలో, వానలో, నా క్లారినెట్ సంచీ పట్టుకుని నాతో ఏమన్నావో చెప్పమన్నాను. అది మా ఇద్దరికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. అతను చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ప్రయత్నించాడు, పాపం, నన్ను నొప్పించడం ఇష్టం లేక. చివరికి నెమ్మదిగా అడిగాడు.

“ఆ వామనరావుగోరు మంచోడేనామ్మా?”

“మంచివాడే” అన్నాను.

నూకరత్నం నన్ను వీధి చివరిదాకా సాగనంపింది. ఏడవలేదు, గెలిచినట్టూ లేదు. మా వాళ్ళు చెప్పే శత్రువు మొహం అది కాదు. నడుస్తూ చెప్పింది. “ఎల్లాజీ ఎప్పుడూ అన్నమొండీసి, ఎదురుగా నిలబడి, బాగున్నాదా బాగున్నాదా అని పేనం తీసీవోడు. నిన్న మద్దినేళ పులుసొండి అలగే అడిగినాడమ్మా. పన్నెండేళ్ళైంది ఆ మాటిని.” ఆవిడ చేతిని ఒకసారి పట్టుకుని వదిలేశాను.

నమోదు 6

కెప్టెన్ పాత్రో గదిలో మిఠాయిలు పంచుతున్నారు. సూచిక నూటికి తొంభై ఏడు. విభాగం చరిత్రలో ఇంత ఎప్పుడూ లేదట.

“సార్, మనవాళ్ళు తొమ్మిదిమంది పోయారు” అన్నాను.

“పోవడమేమిటి? స్థానికుల గుండెల్లో స్థిరపడ్డారు. ఎంత గొప్ప మాటో చూడండి, నివేదికలో అలాగే రాయండి.”

“బలవంతంగానైనా తీసుకురావాలి. ఆయుధాల గది తాళం మీ దగ్గరుంది.”

ఆయన నన్ను జాలిగా చూశారు. “హైమవతీ, ప్రేమగా ఉంచుకున్న ఇళ్ళలోంచి నా సైనికులని తుపాకి పెట్టి లాక్కొస్తే మన సూచిక ఏమవుతుంది? అయినా తూటాలు ఎక్కడున్నాయి? ఆ గదిలో పప్పులు పోయించింది మీ ఆయనే.”

అది నిజమే. కందిపప్పు, పెసరపప్పు, రెండు బస్తాల అటుకులు.

దాలమ్మ సంతకం పెట్టిందట. గవ్వలమెట్ట రేవు సమాఖ్య ఓడలకి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కెప్టెన్ ఆ కాగితం నాకు చూపించి, ఆవిడ అన్న మాట కూడా మురిసిపోతూ చెప్పారు. “‘ఓడలంపండి బాబూ, ఎన్నైనా అంపండి, ఇంకా శానా ఇళ్ళల్లో ఆకులేత్తన్నాం’ అందమ్మా. ఏం మర్యాద, ఏం మనుషులు.”

ఆయనకి ఎదురాకు సంగతి విడమరిచి చెప్పాను. విన్నారు. జానపద విశ్వాసాలని గౌరవించాలన్నారు. ఎల్లుండి పోటులో బయల్దేరుతున్నాం. తొమ్మిది మంచాలూ సర్దేయమన్నారు.

సర్దను. ఎనిమిదింటి సంగతి నా చేతుల్లో లేదు. ఒకటి మాత్రం సర్దను.

నమోదు 7

మళ్ళీ దాలమ్మ దగ్గరికి వెళ్ళాను. “మా ఇంట్లో మనిషి తప్పిపోతే నేనేం చెయ్యాలి?” అని అడిగాను.

చుట్ట వెలిగించింది, మళ్ళీ ఆర్పింది. అబద్ధం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

“ఆకెయ్యి తల్లీ. ఎవులేసినా ఆకు ఆకే. కానీ ముందే ఇనుకో. ఎవులొచ్చి కూకుంతే ఆడే నీ మొగుడు. పిలవకూడదు, ఆపకూడదు. అడిగీది అంతకన్నా నేదు.”

మా విభాగంలో ఆనవాయితీ ఒకటుంది. ఊరు విడిచే రోజు ఊరివాళ్ళకి ఓడ మీద భోజనం పెడతాం. నేను బాదమాకులు ఏరుకొచ్చి పుల్లలతో విస్తరి కుట్టాను. వంకరగా వచ్చింది. పప్పుచారు, అన్నం, అప్పడాలు నేనే చేస్తానని డాక్టరమ్మని తప్పించాను. ఉప్పు ఎంత పడిందో చూసుకోలేదు. ఎవరి మీద కోపమో కూడా నాకు తెలియలేదు. అందరి మీదా అనుకుంటాను.

నమోదు 8. వీడ్కోలు భోజనం

తెప్పల మీద ఊరంతా వచ్చింది. మా తొమ్మిదిమందీ వచ్చారు, ఊరివాళ్ళలో ఊరివాళ్ళుగా, ఓడని కొత్తగా చూస్తూ. ఇమ్మానియేలు తన డోలుని వేలితో తట్టి, “ఇదేటి?” అని తల్లిని అడిగాడు. నేను అటు చూడలేదు.

డెక్కు మీద బారులు వేశాను. వాటికి ఎదురుగా, కూర్చున్నవాడి వీపు ఒడ్డుకి ఉండేలా, ఒక్క ఆకు విడిగా వేశాను. ఎడమ మూల ఉప్పు. నూకరత్నం చేపల బుట్ట పట్టుకుని నిచ్చెన ఎక్కింది. ఎక్కుతూనే ఆ ఆకు చూసింది. ఆగిపోయింది. నన్ను చూసింది. పెదవులు బిగబట్టింది. ఆవిడా మాట్లాడకూడదు, నేనూ మాట్లాడకూడదు. ఒకే నియమం ఇద్దరి నోళ్ళూ కుట్టేసింది.

ఆమె వెనకాల అతను ఎక్కాడు. ఎక్కడ కూర్చోవాలా అని వెతుకుతున్నాడు.

సరిగ్గా అప్పుడు కెప్టెన్ పాత్రో చేతులు కడుక్కుని వచ్చారు. “ఇక్కడ ఖాళీగా ఉందే” అంటూ ఆ ఆకు వైపు నడిచారు. ఆయన తప్పు లేదు, మూడు సూత్రాలూ ఆయనే రాశారట కూడా. ఇంకో నాలుగు అడుగులు వేస్తే చాలు, ఆయన నా మొగుడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది.

ఆపకూడదు. నోరు విప్పి మాట్లాడకూడదు. క్లారినెట్ ఊదకూడదని మాత్రం ఎవరూ అనలేదు.

జెండా వందనం ఎత్తుకున్నాను. ఆ పాట వినబడితే మా దళంలో పుట్టిన పిల్లి కూడా కదలకుండా నిలబడుతుంది. కెప్టెన్ ఎత్తిన అడుగు దించి, మడమలు తాటించి, చెయ్యి నుదుటికి పెట్టారు. డాక్టరమ్మ గరిటెతో సహా నిలబడింది. ఊరివాళ్ళు మర్యాద కొద్దీ లేచి నిలుచున్నారు. డెక్కంతా బొమ్మల కొలువులా ఆగిపోయింది.

ఒక్కడే కదిలాడు. పదిహేనేళ్ళు ఆ పాటకి నాతోపాటు నిలబడిన మనిషి, అదేదో గాలి చప్పుడన్నట్టు, మనుషుల మధ్యనుంచి మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. పాట మరిచిపోయాడు కాబట్టే నడవగలిగాడు. అది నాకు తెలుసు, తెలిసే ఊదుతున్నాను. నా మొగుడు అతనిలో మిగలలేదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. అతను తిరిగి రావడానికి అంతకన్నా దారీ లేదు.

వచ్చి ఆకు ముందు కూర్చున్నాడు. సముద్రం పంపిందో, ఖాళీగా ఉన్నచోట కూర్చోమన్న పాత అలవాటు పంపిందో, ఆకలే పంపిందో తెలియదు. అన్నంలో పప్పుచారు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

నేను ఊదడం ఆపాను. ఉప్పు గురించి అంటాడని చూశాను. ఏమీ అనలేదు. మొహం కూడా చిట్లించలేదు. పెట్టింది తింటున్నాడు.

“వామనా” అన్నాను.

తలెత్తాడు. “ఊఁ” అన్నాడు.

నూకరత్నం బుట్ట కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. తిట్టినా బాగుండేది. నా చెవి దగ్గర, అతనికి వినబడకుండా, ఒకే మాట చెప్పింది.

“ఎక్కువ అడక్కమ్మా. అడిగితే తెలిసిపోద్ది. నానొక్కమాటా అడగనేదు.”

భోజనం చెయ్యకుండా తెప్పలోకి దిగిపోయింది. లంగరు ఎత్తుతున్నప్పుడు చూశాను. ఒడ్డున వాళ్ళ ఇంటి ముందు ఇసక మీద ఆవిడ ఆకు కుడుతోంది.

నమోదు 9. నడిసముద్రం

గాలి నైరుతి. నీరు నిలకడ. ఫిరంగి మీద బట్టలు ఆరేశాం.

కెప్టెన్‌కి పతకం ఖాయమయింది. గవ్వలమెట్టకి ఇంకా పెద్ద మైత్రి ఓడ పంపుతున్నారట, ముప్ఫైమందితో, చక్కగా నవ్వేవాళ్ళని ఏరి మరీ. ఆ ఓడకి హెచ్చరికగా నేను రాసినదంతా నివేదికలోంచి కొట్టేసి, ఆయన ఒక వాక్యం రాశారు. ‘అక్కడి ప్రజలు మనవాళ్ళని సొంత మనుషుల్లా చూసుకుంటారు.’

చెవిగింజ మళ్ళీ పెట్టుకున్నాను. అతను ఎదురుపడగానే, “వామనరావు. మీ భర్త” అంది. ఓడలో పదిమందీ అలాగే పిలుస్తున్నారు మరి.

అతను యూనిఫారం వేసుకుంటున్నాడు. వంటగదిలో ఏ డబ్బా ఎక్కడుందో అడిగి తెలుసుకున్నాడు, రెండు పూటల్లో అన్నీ పట్టుబడ్డాయి. నాతో మా మాటే మాట్లాడుతున్నాడు. హైమా అంటున్నాడు. పడుకునేముందు చాలాసేపు కిటికీలోంచి చూస్తాడు, ఒడ్డు ఏ వైపుందో ఆ వైపు. వానలో పరేడు మైదానంలో ఏమన్నాడో అడగాలని రోజుకి వందసార్లు నాలుక చివరిదాకా వస్తుంది. అడగను. అడగకుండా నవ్వుతాను. మాస్టారు చూస్తే ఆశ్చర్యపోతారు, నాకు నవ్వడం వచ్చేసింది. పెదవులు ఎంత సాగాలో, కళ్ళు ఎక్కడ కలపాలో, ఎక్కడ కలపకూడదో అంతా శిక్షణలో నేర్పిందే.

ఇవాళ మధ్యాహ్నం నాకు అన్నం పెట్టాడు. కంచంలో ఎడమచేతి మూల కొంచెం ఉప్పు వేసి, పులుసు పోసి, ఎదురుగా నిలబడ్డాడు. నేను మొదటి ముద్ద మింగేదాకా ఆగాడు.

“బాగుందా?” అన్నాడు.

“బాగుంది” అన్నాను. ఉప్పు కూడా సరిపోయిందన్నాను.